మేకు అందించే చెయ్యి

"ఆ జబ్బు పోయేదాకా నువ్వు నలుగురిలో విల్లు పట్టొద్దు," అన్నాడు మా ఆయన గుమ్మంలో నిలబడి. నేనప్పుడు ఉతికిన దుప్పట్లే మళ్ళీ జాడిస్తున్నాను. ఊరి పక్క అగ్నిపర్వతం రెండు రోజులుగా బూడిద కక్కుతోంది, ఆరేసిన ప్రతి గుడ్డా మళ్ళీ నీళ్ళలో ముంచాల్సి వస్తోంది. "వసంతంలో గుడి దగ్గర జరిగే బాణాల పోటీకి మన విళ్ళు కొనేవాళ్ళంతా వస్తారు. ఎబిహరా ఇంటి ఇల్లాలు విల్లు పూర్తిగా లాగకుండానే బాణం జారవిడుస్తోందంటే నా పరువేం కావాలి? అప్పటికి కుదిరిందా, సరే. కుదరలేదా, ఆ విల్లు తెచ్చి సామాన్ల కొట్లో పెట్టెయ్," అనేసి పనిగదిలోకి వెళ్ళిపోయాడు. నా జవాబు కోసం ఆగలేదు. ఆగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకు కూడా. అసలు గొడవంతా అదే.

హయకె అంటారు దాన్ని, తొందర జబ్బు. విల్లు ఎత్తి, లాగుతూ, బాణం చెంపకి ఆనేదాకా దించి, అక్కడ నిలపాలి. ఆ నిలిపి ఉంచడమే విద్య, మిగతాదంతా కండలే అంటుంది మా షిమోజో టీచరు. ఈ జబ్బున్నవాళ్ళ చెయ్యి నిలవదు. నాకైతే బాణం ముక్కు దాకా దిగగానే వేళ్ళు వాటంతటవే విచ్చుకుంటాయి. వద్దు వద్దనుకుంటూనే వదిలేస్తాను. బాణం గురికి బోలెడు దూరంలోనే నేలకి తగిలి గడ్డిలో పాక్కుంటూ పోతుంది. పక్కవాళ్ళు చూడనట్టు నటిస్తారు. హైస్కూలు పిల్లలకి నేర్పే కోచ్ ఒకాయన మాత్రం నటించలేక నవ్వేశాడు. ఆయన ఏటా మా ఆయన దగ్గరే విళ్ళు కొంటాడు. ఆ నవ్వు మా ఇంటిదాకా రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

గురువారం మధ్యాహ్నాలు మాత్రమే నావి. అత్తయ్య పోయి, ఆవిడ మంచం తీసేశాక ఆ మధ్యాహ్నాలు ఖాళీగా మిగిలాయి. బాణం వెయ్యడం నేర్చుకుంటానంటే మా ఆయన కాసేపు ఆలోచించి, "నేర్చుకో. కొనేవాళ్ళతో మాట్లాడటానికి పనికొస్తుంది," అన్నాడు. అంటే అదీ ఇంటి పనే అన్నమాట! పైపొర మీద మచ్చపడి అమ్ముడుపోని విల్లొకటి నా చేతిలో పెట్టాడు. మిగతా విళ్ళ మీదలా దాని మీద తన పేరు రాసుకోలేదు. నా పేరు ఏ విల్లు మీదా ఎలాగూ ఉండదు, అరగదీసి నునుపు చేసేది నేనే అయినా. ఎవరి పేరూ లేని ఆ విల్లంటే నాకు ప్రాణం. దాన్ని కొట్లో పెట్టెయ్యమన్నప్పుడు చేతుల్లోంచి దుప్పటి జారి బూడిదలో పడింది.

షిమోజో టీచరు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. నడిచేటప్పుడు వంగిపోయి నడుస్తుంది, విల్లు పట్టగానే నిటారుగా నిలబడుతుంది. ఆవిడ నేర్పేదల్లా ఒక్కటే, చేసింది చేసినట్టు మళ్ళీ చెయ్యడం. "చూపు గురి మీద పెట్టి ఎడమ కాలు ముందు వెయ్యి. రేపూ అదే కాలు, అదే చోటు. విల్లు అడుగు కొన మోకాలి మీద ఆనించు. ఊపిరి వదులు. అల్లెతాడు బొటనవేలి తోలు తొడుగు గాడిలో పడిందో లేదో చూసుకో. అప్పుడు తల తిప్పు. అప్పుడు ఎత్తు. ఆకలేసినా, ఏడుపొచ్చినా, మొగుడితో పోట్లాడి వచ్చినా వరస మారకూడదు." అందరికంటే ముందు ఆ వరస పట్టేసింది నేనే. వరస తప్పకుండా చెయ్యడం నాకొకరు నేర్పాలా? పొద్దున్నే బియ్యం కడిగే నీళ్ళ దగ్గర్నుంచి రాత్రి ఆయన తాగే షోచూ సారాలో కలిపే వేడినీళ్ళ దాకా ఇన్నేళ్ళుగా ఒక్క చుక్క తేడా రాలేదు. నా పాదాలు చూపించి కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది టీచరు. అంతా బాగుండి, అసలు చోటుకి వచ్చేసరికి వేళ్ళు విచ్చుకునేవి. నన్ను గురి ముందు నుంచి తప్పించి, ఎదురుగా పెట్టిన గడ్డిమోపు ముందు నిలబెట్టింది ఆవిడ. గడ్డిమోపుకి తగలకుండా పోయే బాణం ఉండదు కదా, భయం పోతుందనుకుంది. అక్కడా అంతే. బాణం లేకుండా వట్టి రబ్బరు పట్టీ లాగమంది. రబ్బరు పట్టీని కూడా వదిలేశాను!

ఆ రోజు టీచరు నా పక్కన చాప మీద కూలబడి టీ కలిపింది. విసుగొచ్చిందేమో, మొహం మీదే అడిగేసింది. "కినుయె, నిన్ను ఎవరో పిలుస్తున్నట్టు వదిలేస్తావే నువ్వు. పొయ్యి మీద ఏదో పొంగిపోతున్నట్టు. ఎవరు పిలుస్తారే నిన్ను?"

నేను నవ్వాను. "నన్నెవరు పిలుస్తారు టీచర్? మా ఇంట్లో పిలిచే పనే ఉండదు. పిలిచేలోపే అందించేస్తాను కదా!"

ఇన్నేళ్ళుగా గొప్పగా చెప్పుకుంటున్న మాటే అది. నోట్లోంచి వచ్చేశాక నాకే వినపడింది. టీచరు నా కప్పులో ఇంకాస్త టీ పోసింది. నేను మాత్రం ఒళ్ళో పెట్టుకున్న కుడిచేతిని పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూస్తూ కూర్చున్నాను.

ఆ చేతిని తయారుచేసింది మా అత్తయ్య. చలికాలం వస్తే మా ఇంట్లో విల్లు అతికించే పని మొదలవుతుంది. వెదురు పొరలకీ కలప పొరలకీ జిగురు రాసి, తాడు చుట్టి, తాడుకీ వెదురుకీ మధ్య చిన్న చిన్న వెదురు మేకులు దూర్చి, కొయ్య సుత్తితో కొడుతూ, కొడుతూనే వంపు తిప్పుతూ పోవాలి. జిగురు ఆరేలోపు చివరి మేకు పడాలి. కొట్టేది మా ఆయన, అందించేది నేను. ఆయన కళ్ళు వంపు మీదే ఉంటాయి, ఎడమ చెయ్యి మాత్రం వెనక్కి వస్తుంది. ఆ అరచెయ్యి తెరుచుకునేసరికి మేకు అందులో ఉండాలి. కొత్త కోడలిగా నేను ఆలస్యం చేసినప్పుడల్లా అత్తయ్య తాడు కొసతో ముంజేతి మీద వాయించేది. "వాడి భుజం కదలగానే నీ చెయ్యి కదలాలే అమ్మాయ్. మాట పుట్టేలోపు పని అయిపోవాలి." ఆవిడ ఎడమ బొటనవేలికి గోరు ఉండేది కాదు. మామగారి సుత్తి కింద పోయిందట. ఆ వేలు నాకు చూపించి, "అప్పుడు కూడా తర్వాతి మేకు వేళకే అందించాను," అని మురిసిపోయేది. నేనూ ఆ మురిపెంలోనే పడ్డాను. రెండో చలికాలానికి ఇక తాడు కొస అవసరం రాలేదు. నాలుగో చలికాలంలో నాకు ఐదో నెల.

ఆ రోజు పొద్దున్నే నడుములో సలుపు మొదలైంది. అత్తయ్యతో చెప్పాను. "జిగురు కాచేశాక ఆపుతారటే? ఆ ఒక్క విల్లూ కానీ, తర్వాత పడుకో," అంది. పని మొదలయ్యాక సలుపు పొత్తికడుపులోకి దిగింది. ఏవండీ అని పిలుద్దామనుకున్నాను. పిలిచేలోపు భుజం కదిలింది, మేకు అందించాను. ఈసారి చెప్పాలి అనుకున్నాను. మళ్ళీ భుజం, మళ్ళీ మేకు. కాళ్ళ మధ్య వెచ్చగా తడి తగిలింది. అది ఏమిటో నాకు తెలుసు. తెలిసి కూడా తర్వాతి మేకు కోసం బుట్టలో చెయ్యి పెట్టాను. ఇవాళ్టికీ నన్ను నిద్రపోనివ్వనిది ఆ తడి కాదు, బుట్టలో పెట్టిన ఆ చెయ్యి. చివరి మేకు కొట్టి, సుత్తి కింద పెట్టి, మా ఆయన వెనక్కి తిరిగి చూసేసరికి నేను వెదురు పొట్టు మీద కూర్చుండిపోయి ఉన్నాను. పొట్టంతా ఎర్రగా తడిసిపోయింది. ఆసుపత్రి వరండాలో ఆయన నా వంక చూడకుండా ఒకే ఒక్క మాటన్నాడు.

"ముందే నోరు తెరిచి చెప్పొచ్చుగా."

ఆ తర్వాత నాకు కడుపు పండలేదు. ఆ విల్లు మాత్రం అద్భుతంగా వచ్చింది. మా ఇంట్లో అంతకు ముందూ తర్వాతా అలాంటి వంపు పడలేదు. ఎవరడిగినా అమ్మనన్నాడు, ముందుగదిలో గోడకి పెట్టాడు. దాని కింద రోజూ దుమ్ము తుడిచేది నేనే. పోయిన ఏడాది టీవీవాళ్ళు వచ్చినప్పుడు దాన్ని కిందికి దించి ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు. "మా పనిలో మాటలుండవండీ. నేను చెయ్యి చాస్తే మేకు వచ్చి వాలుతుంది. ఈ విల్లు చేసిన రోజున ఈవిడ ఒక్క మేకు కూడా ఆలస్యం చెయ్యలేదు." మెచ్చుకోలుగానే అన్నాడు. నిజంగా మర్చిపోయాడో, గుర్తుండే అన్నాడో నాకు తెలీదు. రెండిట్లో ఏది నయమో కూడా తేల్చుకోలేకపోయాను. మైకు పట్టుకున్న అమ్మాయి చేతులు జోడించి, "ఎంత ఒద్దికండీ మీ ఇద్దరిదీ!" అంది. నేను తల వంచి, వాళ్ళకి చిలగడదుంపల స్వీటు పెట్టి టీ పోశాను, అడగకముందే.

టీచరు అడిగిన ప్రశ్న ఇంటికి వచ్చాక కూడా వదల్లేదు. నా జబ్బు బాణాలు నేర్పే శాలలో తగ్గేది కాదని అర్థమైంది. ఇంట్లో మొదలుపెడదామనుకున్నాను. ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయన ఖాళీ గిన్నె బల్ల మీద టక్కుమని పెట్టాడు. అది మారు వడ్డించమని. లేవకూడదు, మూడు ఊపిర్లు ఆగి లేవాలి అనుకున్నాను. ఇంకా అనుకుంటూనే ఉన్నాను, గరిటె నా చేతిలో ఉంది, గిన్నె నిండింది. మర్నాడు స్నానానికి తువ్వాలు, ఆ మర్నాడు కళ్ళజోడు. ప్రతిసారీ నా చెయ్యే గెలిచింది. పళ్ళు కొరుక్కుని ఏడ్చాను. బాణమైతే పోనీ గడ్డిలో పడుతుంది, నా చెయ్యి నా మాట వినడం లేదంటే ఇక నాకంటూ మిగిలిందేమిటి? గురువారం వెళ్తే టీచరు గడ్డిమోపు వైపు చెయ్యి చూపించింది. "ఇవాళ వదిలినా పర్లేదు. వరస మాత్రం తప్పకు. కాలు, మోకాలు, ఊపిరి, చూపు. ఏదో ఒక రోజు చేతికి బుద్ధొస్తుంది." రాలేదు. గుడి పోటీ దగ్గర పడుతోంది. మా ఆయన కొట్లో నా విల్లుకి చోటు కూడా సర్ది ఉంచాడు.

నీళ్ళు గడ్డకట్టిన రోజున జిగురు కాచాం. గుడికి ఇవ్వాల్సిన విల్లు అది. ఆయన తాడు చుట్టడం మొదలుపెట్టాడు, నేను ఎప్పటిలాగే వెనక నిలబడ్డాను. పాదాలు తెలియకుండానే టీచరు నేర్పిన కొలతలో పడ్డాయి. మొదటి మేకులు ఎప్పటిలాగే వెళ్ళాయి. వంపు తిరిగే చోటుకి వచ్చేసరికి నా కళ్ళు ఆయన అరచేతి మీద పడ్డాయి. చర్మం ముదిరి, జిగురు అంటుకున్న అరచెయ్యి. ఇన్నేళ్ళలో అది ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఊపిరి వదిలాను. భుజం కదిలింది. మేకు నా వేళ్ళ మధ్య ఉంది. వేళ్ళు విచ్చుకోబోయాయి. విచ్చుకోనివ్వలేదు.

అరచెయ్యి గాలిలో తెరుచుకుని అలాగే ఉండిపోయింది. వేళ్ళు ఒకసారి ముడుచుకుని మళ్ళీ చాచుకున్నాయి. అప్పుడు ఆయన తల తిప్పాడు. పనిలో ఉండగా నా మొహం చూడటం అదే మొదటిసారి.

"ఏం చేస్తున్నావ్? మేకు!"

"ఉందండీ, నా దగ్గరే."

"ఇవ్వవే మరి! జిగురు ఆరిపోతోంది!"

"తెలుసు."

ఆయన మోకాలు విల్లుకి అదిమి పెట్టి, ఒక చేత్తో తాడు లాగి పట్టుకుని, రెండో చెయ్యి నాకేసి చాచి ఉన్నాడు. కదిలితే తాడు సడలుతుంది. లోపల ఏదో పొర జరిగి సన్నగా కిర్రుమంది. ఆయన కళ్ళలో కోపం పోయి భయం వచ్చింది. నాకు జాలి కలిగింది, కలగలేదని అబద్ధమాడను. అయినా నిలిపే ఉంచాను. భుజాలు రెండు వైపులకీ విచ్చుకున్నాయి, ఊపిరి పొట్టలోకి దిగింది, చెయ్యి నిలిచింది. టీచరు చెప్పే నిలపడం ఇదేనని నా ఒంటికి తెలిసింది. ఇక నా విల్లు కొట్లోకి పోదు.

అప్పుడు, ఇవ్వాలని నాకు అనిపించినప్పుడు, మేకు ఆయన అరచేతిలో పెట్టాను.

"ఇంతసేపేనండీ," అన్నాను. "ఆ రోజు నోరు తెరిచి చెప్పడానికి నాకు కావలసింది ఇంతసేపే."