గుర్తు కుడివైపు పెట్టారు

ఇరవై రెండేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న ఆమెను డిపోలో అందరూ డ్రైవరమ్మ అనేవారు. క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేసిన ఏడాదిన్నరకి, పొట్ట కింది చర్మమూ కొవ్వూ తీసి కొత్త రొమ్ము చేస్తామని ఆస్పత్రివాళ్లంటే సరేనంది.

"యాభై నాలుగేళ్లకి ఇవన్నీ అవసరమా?" అని ఆడపడుచు మూతి విరిచింది.

"నా ఒంటి మీద నాకే అక్కర లేకపోతే ఇంకెవరికుంటుంది వదినా?" అంది డ్రైవరమ్మ. ఆ మాట అక్కడితో తెగింది.

వారం ముందు స్కాన్ తీశారు. పొట్టలో ఏ వైపు రక్తనాళం బాగుందో చూసుకుని ఆ వైపు ముక్కే తీయాలి. లేకపోతే అతికించిన ముక్క నల్లబడి చచ్చిపోతుంది. స్కాన్ గదిలో పనిచేసే టెక్నీషియన్ ఓపికున్న పిల్ల. తెర ఆమెవైపు తిప్పి చూపించింది.

"చిన్నప్పుడు అపెండిక్స్ తీసిన మచ్చ ఉంది చూడండమ్మా, అక్కడే కుడివైపు నాళం తెగిపోయింది. ఎడమవైపు రెండు చక్కగా ఉన్నాయి. స్కాన్ డాక్టరుగారు రిపోర్టులో రాస్తున్నారు."

ఆపరేషన్ రోజు పొద్దున్నే పెద్ద సర్జన్ ఆమెను గోడ దగ్గర నిలబెట్టి నీలిపెన్నుతో గీతలు గీశాడు. పొట్ట మీద కుడివైపు సున్నా చుట్టాడు.

"డాక్టరుగారూ, ఎడమవైపు కదా?"

"రొమ్ము ఎడమదేనమ్మా. ముక్క కుడినుంచి తీస్తాను. ఎప్పుడూ అంతే."

"కుడివైపు నాళం తెగిందని స్కాన్‌లో వచ్చింది."

సర్జన్ తల అటు తిప్పాడు. తలుపు దగ్గరున్న ఆమె భర్తతో, "భయపడుతున్నారు, కాస్త సర్దిచెప్పండి" అన్నాడు.

"పెద్ద డాక్టరు, ఆయనకు తెలీదా" అని గొణిగాడు భర్త.

డ్రైవరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొట్ట తనది, మాటలు వాళ్లిద్దరివీ. నర్సు చేతిలోని ఫైలు లాక్కుని చూసింది. స్కాన్ కవరు అంటించింది అంటించినట్టే ఉంది.

"దీన్ని విప్పనే లేదు."

"రిపోర్టు మా జూనియర్ చూసే ఉంటాడు. ఇరవయ్యేళ్లుగా చేస్తున్నానమ్మా. మీ బస్సు మీరు నడుపుకోండి, నా పని నన్ను చేసుకోనివ్వండి."

"ఇన్నేళ్లు నడిపినా రోజూ బ్రేకులు చూసుకోకుండా బండి తీయను. నా వెనక అరవైమంది కూర్చుంటారు. ఇక్కడ పడుకునేది నేనొక్కదాన్నే కదా అని చూడటం మానేశారా?" అంది. "ఆ కవరు విప్పేదాకా బల్ల ఎక్కను."

అన్నట్టే వెళ్లి, వీపు కనబడే ఆ గౌనుతోనే వరండాలో బెంచీ మీద కూర్చుంది. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా కదల్లేదు. నర్సు దుప్పటి తెచ్చి కప్పింది, తనే స్కాన్ గదికి ఫోన్ చేసింది. టెక్నీషియన్ మెట్లు దిగి పరుగున వచ్చింది.

సర్జన్ కవరు చింపాడు. టెక్నీషియన్ ఫిల్మును వెలుతురు తెర మీద పెట్టి, తెగిన నాళాన్ని వేలితో చూపించింది. "స్పిరిట్ తీసుకురండి" అన్నాడు చివరికి. కుడివైపు సున్నా తుడిచి, ఎడమవైపు గీశాడు. తప్పయిందన్న మాట మాత్రం నోట రాలేదు.

ఎనిమిది గంటల ఆపరేషన్. ముక్క బతికింది, వెచ్చగా, మంచి రంగులో.

మూడోరోజు సర్జన్ విద్యార్థులను వెంటబెట్టుకొచ్చాడు. "స్కాన్ ఆధారంగా మేము వైపు మార్చుకున్నాం" అన్నాడు గర్వంగా.

"నేను బెంచీ మీద కూర్చున్నాక మార్చుకున్నారు. అదీ రాసుకోండి నాయనా" అంది డ్రైవరమ్మ. ఒకమ్మాయి నిజంగానే రాసుకుంది. సర్జన్ పక్క మంచానికి నడిచాడు.

ఇంటికొచ్చాక ఫిర్యాదు రాయడానికి కాగితం తీస్తే, "అంతా మంచే జరిగిందిగా, వదిలెయ్" అన్నాడు భర్త.

"నాకు జరిగింది. స్కాన్ తెర తిప్పి చూపించే పిల్ల దొరకని ఆడదాని సంగతేంటి? ఆ రోజు మీరు నా పక్కన నిలబడలేదు. ఇప్పుడైనా అడ్డం రాకండి."

అతను తలదించుకుని పెన్ను వెతికి ఇచ్చాడు.

నెలకి ఆస్పత్రినుంచి జవాబొచ్చింది. ఇకమీదట సర్జన్ స్కాన్ స్వయంగా చూసి సంతకం పెట్టాకే గుర్తులు గీయాలని నియమం పెట్టారట. భర్త సంబరపడ్డాడు. ఆమె రెండుసార్లు చదివింది.

"ఎనిమిది వరుసలు రాశారు. పొరపాటు మాది అని ఒక్క వరుసలోనూ లేదు" అని, ఇంకో కాగితం తీసింది.