అనవసరపు బ్రాకెట్

"గీ బ్రాకెట్ ఎందుకే? చిన్న పోరల లెక్క పెట్టినవ్!" అన్నాడు నా మొగుడు సంగమేశ్, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే. నా పెన్ను మూతతో చెవి గెలుక్కుంటున్నాడు. ఆ వేళ్లతోనే నా కీబోర్డు నొక్కుతున్నాడు. ఛీ!

నేను వంటింటి గుమ్మంలో జొన్నపిండి చేతులతో నిలబడి ఉన్నాను. పదింటికి నారాయణఖేడ్ లెక్కల టీచర్లకు శిక్షణ. సమీకరణం ఇస్తే స్ప్రెడ్‌షీట్‌లో వక్రరేఖ ఎలా గీయాలో నేర్పేది జూనియర్ కాలేజీ లెక్చరర్ సంగమేశ్ సార్. వినేవాళ్లలో హైస్కూల్ టీచర్‌ని నేనూ ఒకదాన్ని. పరావలయం, దీర్ఘవృత్తం, సైన్ వక్రం, మొత్తం పదకొండు షీట్లు, అన్నీ నేను చేసినవే. పోయినేడూ అంతే. చివర్లో ఆయన శాలువా కప్పించుకుని, "మా ఇంటామెకు కంప్యూటరంటే భయం, వంటైతే మస్తు చేస్తది" అన్నాడు. అందరూ నవ్వారు. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఆయన మీద కంటే నా మీదే నాకు రోత.

"ఈసారి నీ ఫైల్ చూపియ్యను. అందరి ముంగట నేనే టైప్ చేస్త. బంతి ఇసిరితే ఎట్ల పైకి పోయి కింద పడ్తదో, మైనస్ ఎక్స్ స్క్వేర్. బ్రాకెట్ గిట్ల ఏం వద్దు" అన్నాడు సంగమేశ్.

ఎక్స్ స్క్వేర్ చుట్టూ బ్రాకెట్ పెట్టకపోతే స్ప్రెడ్‌షీట్ దాని ముందున్న మైనస్‌ను కూడా కలిపి వర్గం చేస్తుంది. విలువలన్నీ ప్లస్ అయిపోయి వక్రం తలకిందులవుతుంది. "అట్ల కాదు, జర ఇను" అన్నాను.

"నాకే చెప్తవా? పో, రొట్టె మాడుతుంది."

"మొగోడు పని మీద పోతుంటే ఎదురు మాట్లాడ్తరా?" అంది పక్క గదిలోంచి మా అత్త మహానంద.

రొట్టె నిజంగానే మాడింది. ఇగ చెప్పేది లేదనుకుని దాన్ని తిరగేశాను.

శిక్షణలో వెనక వరుసలో కూర్చున్నాను. నలభై మంది ముందు ఆయన బ్రాకెట్ లేకుండానే టైప్ చేశాడు. తెర మీద వక్రం గిన్నెలా నోరు తెరిచింది.

"సార్, బంతి కిందికొచ్చి మళ్ల పైకి పోతుందేంది?" అని అడిగింది నా పక్కనున్న సంధ్యారాణి.

"కంప్యూటర్ ఖరాబైంది" అన్నాడాయన. చెరిపి మళ్లీ అదే కొట్టాడు. మళ్లీ అదే గిన్నె. మొహమంతా చెమట. అప్పుడు నా వైపు కనుబొమలెగరేశాడు, ఇంట్లో మంచినీళ్లు తెమ్మన్నట్టు. నేను కదల్లేదు.

"శైలా, జర వచ్చి చూడవే. జల్దీ!"

వెళ్లాను. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, చెవి గెలికిన ఆ చేత్తోనే మౌస్ నా వైపు జరిపాడు, నిలబడి సరిచేసి పొమ్మని.

నేను దాన్ని ముట్టుకోలేదు.

"ముందుగాల కుర్చీల నుంచి లెవ్వు" అన్నాను, నలభై మందికీ వినపడేలా. "గా పదకొండు షీట్లు చేసినామె కూసుంటది."