మా యాడి పాపసంకీర్తనం

ఆడవాళ్లు ఫాదర్ల లాగా గురువులు కావచ్చా అన్న మాట తొర్రూరు చర్చి సమావేశంలో వచ్చినప్పుడు అందరికంటే గట్టిగా కాదన్నది నేనే. మా తండాకు నేను ఉపదేశిని. ఫాదర్ రాలేని ఆదివారాల్లో ప్రార్థన నడిపేది నేనే. ప్రభువు మగవాళ్లనే అపొస్తలులుగా ఎంచుకున్నాడు, ఇంకా చర్చేమిటని కసిరి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. సిస్టర్ విజయ మాత్రం నావైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు.

విజయ మా తండా పిల్లే, నాకు చెల్లెలి వరస. మఠంలో చేరి సిస్టరైంది, పెద్దవంగరలో సిస్టర్లు నడిపే దవాఖానలో నర్సు. ఫాదర్ చిన్నప్ప గారిది గుంటూరు వైపు. మా లంబాడీ మాట ఆయనకు రాదు. మా అమ్మ రుక్కికి, అంటే మా యాడికి, అంగట్లో బేరమాడేంత తెలుగే వచ్చు. పాపాలు చెప్పుకోవడానికి ఆ తెలుగు చాలదు. అందుకని పాపసంకీర్తనానికి ఫాదర్ పక్కన విజయ కూర్చునేది. యాడి తన భాషలో చెబితే ఈమె తెలుగులో ఫాదర్‌కు చెప్పేది. ఆయన చెయ్యెత్తి పాపవిమోచన ప్రార్థన చదివేవాడు. చాలా ఏళ్లుగా ఇదే పద్ధతి.

మొన్నటి వానల్లో యాడికి ఊపిరి అందడం కష్టమైంది. దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మనసులో ఏదో ఉందని, అది చెప్పుకోకుండా పోనని ఒకటే పోరు. జనగామలో ఉన్న ఫాదర్‌కు ఫోన్ చేస్తే బయల్దేరానన్నాడు. ఈలోగా విజయ వచ్చింది. యాడి నన్ను బయటికి పొమ్మంది.

"ఫాదర్ వస్తుండు, జర ఆగు యాడీ," అన్నాను.

"ఆయనకు నా మాట ఎన్నడు తెలిసింది? ఇన్నేండ్లు విన్నది విజయనే గద," అంది మా భాషలో.

అపొస్తలుల సంగతి అప్పుడు ఆమెకు ఎట్లా చెప్పను? బయట నిలబడి విజయ మీద పళ్లు కొరుక్కున్నాను.

తలుపు తీసేసరికి యాడి ముఖం తేటగా ఉంది. విజయ కళ్లు ఎర్రబడ్డాయి. అప్పుడే ఫాదర్ వచ్చాడు, సంగతి విన్నాడు.

"నువ్వు చెయ్యెత్తావా సిస్టర్?" అని అడిగాడు.

"లేదు ఫాదర్. అవ్వనే నా చెయ్యి తీస్కొని నెత్తి మీద పెట్టుకుంది. తీసెయ్యబుద్ధి కాలె," అంది విజయ.

"సరే, ఆమె ఏం చెప్పిందో నాకు చెప్పమ్మా. నేను పాపవిమోచనం ఇస్తాను."

"అవ్వ సరే అంటెనే చెప్త ఫాదర్."

విజయ వంగి అడిగింది. యాడి తల అడ్డంగా ఊపింది. "ఒకసారి చెప్పిన. ఇంక నా దగ్గర లేదు," అంది.

ఫాదర్ నావైపు తిరిగాడు. "ప్రేమ్‌సింగ్, మీరు ఉపదేశి. సిస్టర్‌కు చెప్పుకున్నది చెల్లదని, నాకు మళ్లీ చెప్పాలని మీ అమ్మగారికి వివరించండి."

న్యాయమైన మాటే. నేను నమ్మిందీ అదే. చెప్పకపోతే యాడి క్షమాపణ లేకుండానే పోతుందేమో. చెబితే, దించుకున్న బరువును మళ్లీ ఆమె నెత్తికెత్తాలి. చెవి దగ్గరికి వంగాను.

"ఏమంటుండు ఫాదర్?" అంది యాడి.

"మాఫ్ అయిందంటుండు యాడీ."

ఆమె కళ్లు మూసుకుంది.

"ఏమన్నారు?" అన్నాడు ఫాదర్.

"మల్ల చెప్పే ఓపిక లేదంటుంది ఫాదర్," అన్నాను.

విజయకు మా భాష వచ్చు కదా, అంతా వింది. తైలం సీసా మూత తీసి ఫాదర్‌కు అందించింది. ఫాదర్ తైలం పూసి, చెయ్యెత్తి ప్రార్థన చదివాడు. పొద్దుగూకకముందే యాడి పోయింది.

ఆమె చెప్పుకున్నది విజయకు. చెయ్యెత్తింది ఫాదర్. మాఫ్ అయిందన్నది నేను. మా అమ్మకు క్షమాపణ ఎవరి ద్వారా అందిందో ఎంత ఆలోచించినా తెగడం లేదు. నేనాడిన అబద్ధాన్ని నేనూ ఎక్కడో చెప్పుకోవాలి. ఫాదర్ ముందు మోకరిల్లాలా, విజయ ముందా అన్నదే తేలడం లేదు.