అత్తగారు, అల్లుడు, ఆల్ టెరైన్ టైర్లు

చిన్న కథ. ఒకాయన తన పికప్ బండికి టైర్లు మార్చాడు, అంతే. ఇక్కడితో ఆపేయొచ్చు గానీ, ఆ బండి అద్దానికి వేలాడే కొలత టేపు ఎవరిదో చెప్పకుండా ఎలా? వాళ్ల అత్తగారిది. ఆవిడకి పరదాల దుకాణం ఉంది. ఊళ్లో ఏ కిటికీ ఎంత వెడల్పో ఆవిడకి నోటికొచ్చు. ఆ కిటికీ వెనక ఏం జరుగుతుందో కూడా వచ్చని గిట్టనివాళ్లు అంటారు. గిట్టేవాళ్లూ అంటారు.

అల్లుడు "ఇల్లు దొరికేదాకా" అని ఆవిడ ఇంటికి వచ్చి ఉండిపోయాడు. ఇల్లు వెతకడానికి బయల్దేరినప్పుడల్లా, దారిలో దింపాల్సిన పరదాలు ఏవో ఉండేవి. పికప్ మాత్రం ఒకే ఒక్క కోరికతో కొన్నాడు. కొండల్లో ఏటి పక్కన టెంటు వేసుకుని, ఎవరూ పిలవని చోట ఒక్క రాత్రి పడుకోవాలి. బండి ఇంటికొచ్చిన రోజే అత్తగారు వెనక ఎక్కి చూసి, "పరదా కడ్డీలు వంచకుండా పడతాయి అల్లుడూ, మంచి బండి కొన్నావు" అంది.

అప్పట్నుంచి బండి ఇంటికీ దుకాణానికీ మధ్యే తిరిగింది. మధ్యాహ్నాలు అల్లుడు నడిపేవాడు, పొద్దుటి పనులకి ఆవిడే నడిపేది. టైర్లకి ఆ దారి ఒంటబట్టేసింది. అల్లుడు కొండల వైపు ఎన్నిసార్లు బయల్దేరినా, ఊరి చివరి మలుపు దాకా బుద్ధిగా వెళ్లేవి. అక్కడ స్టీరింగు ఎటు తిప్పినా వెనక్కి తిరిగి, అతన్ని తెచ్చి దుకాణం ముందు నిలబెట్టేవి.

"వచ్చావా? ఇదిగో, ఈ కట్ట డాక్టరమ్మ ఇంట్లో దింపేయ్" అనేది అత్తగారు.

ఇందులో వింతేమీ లేదు. పేపరాయన మోపెడ్ టైర్లు పేపరు రాని రోజు కూడా గేటు గేటుకీ ఆగుతాయి.

టెంటు, చిన్న స్టవ్వు, మడత కుర్చీ బండి వెనకే సర్ది ఉండేవి. వాటి మీద బట్టల మూటలు కూర్చునేవి. నడుపుతుంటే ఆ బరువు తన గుండె మీదే ఉన్నట్టు అనిపించేది అల్లుడికి. ఎవరితో చెప్పుకుంటాడు? చెప్పుకోవాలన్నా ఊరంతా అత్తగారి పరదాలే.

అందుకే టైర్లు అరిగాయని తేలిన రోజు అతని ముఖం వెలిగిపోయింది. టైర్ల కొట్టుకి ఇంటిల్లిపాదీ బయల్దేరారు. కొట్టాయన్ని అందరూ పంక్చరాయన అంటారు, ఆయనకి అది నచ్చదు కాబట్టి. ఆయన మూడు రకాలు దొర్లించి చూపించాడు.

"ఇవి నున్నటి రోడ్డుకి. చప్పుడుండదు. ఇవి బురదకి. బురదలో పులే గానీ, తారురోడ్డు మీద పిండిమర. ఇవి ఆల్ టెరైన్, మధ్య రకం. గాడులు లోతు, పక్కలు మందం. రాళ్లకి చీలవు, కాస్త గాలి తగ్గిస్తే ఇసకలోనూ పోతాయి."

"చప్పుడు లేనివి ఇవ్వండి. మేం మాట్లాడుకుంటూ వెళ్తాం" అంది అత్తగారు.

"మాట్లాడేది నువ్వొక్కదానివే" అన్నాడు బావమరిది. "బావా, తెల్ల అక్షరాలున్నవి తీసుకో. ఎక్కడికీ వెళ్లకపోయినా వెళ్లొచ్చినట్టుంటుంది."

"ఏవండీ, మీ బండి, మీ ఇష్టం. అమ్మనొక మాట అడిగి తీసుకోండి" అంది భార్య.

అంతలో అత్తగారి కన్ను కొట్టులోని బోడి కిటికీ మీద పడింది. టేపు తెచ్చి, కూతుర్నీ కొడుకునీ చెరో మూలా నిలబెట్టి కొలిచింది. పని కాగానే "ఉంచు అల్లుడూ" అని టేపు అతని మెడలో వేసి, రంగుల గురించి పంక్చరాయన భార్యతో మాట్లాడ్డానికి లోపలికెళ్లింది.

పంక్చరాయన గొంతు తగ్గించాడు. "కొత్తవి మీకొద్దు బాబూ. కొత్త టైరుకి మొదట్లో ఏ దారి నేర్పితే అదే. మీ అత్తగారు రెండు రోజుల్లో నేర్పేస్తారు."

"మరేం చెయ్యను?"

"వాడినవి నాలుగున్నాయి, ఆల్ టెరైనే. ఫారెస్టు గార్డువి. ఆయన రిటైరయ్యాక కూడా పొద్దున మొదటిసారి బండి తీయగానే ఏటి దగ్గరికి లాక్కుపోతున్నాయట, విసుగొచ్చి ఇచ్చేశాడు. మీరు ఊరికే కూర్చుంటే చాలు. కానీ అక్కడికి చేరాక ఇక కదలవు. వాటి ఇల్లు అదే."

"కదలమని ఎవరన్నారు?" అన్నాడు అల్లుడు.

మర్నాడు తెల్లవారకముందే లేచి, బూట్లు వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. అత్తగారు అప్పటికే స్టీరింగు ముందు కూర్చుని ఉంది.

"డాక్టరమ్మకి పొద్దున్నే పరదాలు తగిలించాలి. గేటు తియ్యి అల్లుడూ."

ఆ గేటు రోజూ తీసేది అతనే. చెయ్యి అలవాటుగా గడియ మీదికి పోయింది. ఒక్క మాట చెబితే ఆవిడ దిగేది. చెబుదామనే నోరు తెరిచాడు. "జాగ్రత్త అత్తయ్యగారూ" అని వచ్చింది.

ఊరి చివరి మలుపు దగ్గర బండి కొండల వైపు తిరగడం గేటు పట్టుకునే చూశాడు.

మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేసింది. "అల్లుడూ, ఇక్కడెవరూ లేరు."

"తెలుసు అత్తయ్యగారూ."

"ఒక్క కిటికీ కూడా లేదు." వెనక ఏటి చప్పుడు వినిపిస్తోంది.

"ఎవరి బండైనా అడిగి వచ్చి తీసుకురానా?"

"వద్దు. నీ కుర్చీ బాగుంది. డాక్టరమ్మకి వేరే పరదాలు కుట్టించు, ఆ బట్ట టెంటులో పరుచుకున్నాను."

ఆవిడ తిరిగి రాలేదు. పరదాల దుకాణం అల్లుడు చూసుకుంటున్నాడు. టేపు మెడలోనే ఉంటుంది. కొలతలు చక్కగా తీస్తాడని ఊళ్లో మంచి పేరు.