ఎడమకు చూసే హంస

చేనేత మహాసభ కార్యదర్శి గారికి,

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. మూడేండ్ల కిందటే వయోజన బడిలో పలక పట్టినాను. ఈ కాగితం రాయడానికి నాలుగు దినాలు పట్టింది. మధ్యలో వంటా, నీళ్లూ, మరిది పిల్లోళ్ల గుడ్డలూ ఉన్నాయి.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు పనికొచ్చే ప్రసంగాలకు పేర్లు పంపమని మీ కరపత్రంలో చదివినాను. నాకు అరగంట ఇవ్వండి. అట్టల జకార్డు మిషను చీర మీద నేసే పువ్వునే, ఆ మిషను లేకుండా పాత మగ్గం మీద ఎట్లా నేయొచ్చో చెప్తాను. అట్టలో బొక్క ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. దాని భాష అంతే. అదే మాట నేను పడుగు పోగులకు కట్టే దారపు ముళ్లతో చెప్పిస్తాను. మిషను కొనలేని ఇంట్లో దారమూ, ఓపికా ఉంటే చాలు.

ఓపిక ఎవరిదని మీరు అడగరు, నేనే చెప్తాను. మా ఆయన లింగన్న మగ్గంలో కూర్చుంటే పక్కన నేను పద్దెనిమిదేండ్లు ముళ్లు కట్టినాను. షావుకారు వచ్చి, "ఏమప్పా లింగన్నా, నీ చేతిలో ఏముండాదో గానీ!" అంటే ఆయన మురిసిపోయి, "ఏయ్, మజ్జిగ తేపో" అనేవాడు. పువ్వు కట్టింది మా ఆడదేనని ఒక్కనాడూ ఆయన నోట రాలేదు. నేను మజ్జిగ తెచ్చేదాన్ని. ఆయన పోయినాక మరిది మద్దిలేటి ఆ మగ్గంలో కూర్చున్నాడు. పెండ్లి చీరకు పడుగు ఎక్కించే పొద్దు, "వదినా, ఎదురు రావద్దు, శుభం కాదు" అని నన్ను దొడ్లోకి పంపుతాడు. పడుగు ఎక్కినాక, "యాడుండావు వదినా, ముళ్లు కడుదువు రా" అని కేకేస్తాడు. నా మొగమే అశుభం, నా వేళ్లు కాదు.

మీ కరపత్రం చూపిస్తే పడీపడీ నవ్వినాడు. "ఆ సభలో అంతా మగోళ్లుంటారు, నువ్వేం మాట్లాడతావు? నేను చెప్పొస్తాలే. దారిలోకి నాలుగు సద్ద రొట్టెలు చేసియ్యి" అన్నాడు. తన పేరుతో కాగితమూ, నేను కట్టిన హంసను చూసి గీసిన బొమ్మా మీకు పంపినాడని తోడికోడలు చెప్పింది.

ఆ బొమ్మ తీసి చూడండి. హంస కుడికి చూస్తుంటుంది. మగ్గంలో కూర్చుని, కనపడింది కనపడినట్టు గీసినాడు. నేసేవాడికి కనపడేది చీర వెనకవైపని తొందరలో మరిచినాడు. దీంతోపాటు నేను పెట్టిన గుడ్డముక్కను చూడండి. ముందువైపు తిప్పితే నా హంస ఎడమకు చూస్తుంది.

నన్ను పిలవకపోయినా పరవాలేదని ఇక్కడ ఒక మాట రాసి కొట్టేసినాను. పిలవండి. మద్దిలేటినే పిలిస్తే మాత్రం, మాటలు చాలు, నేసి చూపించమనండి. హంసను కట్టిన నా ముళ్ల దారాలన్నీ నిన్న మగ్గం మీదనుంచి దించి, గోనెసంచిలో వేసుకొని ఆ ఇంటినుంచి వచ్చేసినాను.

చౌడమ్మ,
యాభై మూడేండ్లు,
వయోజన బడి వెనక రేకుల కొట్టం, ధర్మవరం.