అమ్మ ఎవరికీ లేదనలేదు

అమ్మ ఇంకా ఊపిరి పీలుస్తూ ఉండగానే, చచ్చాక ఆవిడ ఎక్కడికి వెళ్ళాలో తేల్చెయ్యడానికి ముగ్గురు వచ్చి కూర్చున్నారు. డాక్టరు చేతులెత్తేశాడు కాబట్టి మందుల గొడవ తీరింది, ఇక మిగిలింది అడ్రసు గొడవ. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వీళ్ళ సంబడం అనుకుని, నడిపి ఆ కసంతా ఇస్త్రీపెట్టె కిందున్న కాలరు మీద తీర్చుకుంది.

నడిపి అంటే ఆ ఇంటి మధ్య పిల్ల. తల నెరిసినా ఇంటా బయటా అదే పిలుపు. అన్నయ్యా చెల్లెలూ ఎవరి దారి వాళ్ళు చూసుకుంటే, అమ్మ పెట్టిన లాండ్రీలో ఈవిడ మిగిలింది. వీధి వైపు కౌంటరూ ఇస్త్రీ బల్లలూ, వెనక ఉతికే మిషన్లూ బాయిలరూ, బాయిలరు గోడకి అవతల అమ్మ మంచం. ఆ గోడ ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. మోకాళ్ళకి అంతకన్నా మంచి మందు లేదని అమ్మ వేరే గదికి మారనంది.

దుకాణానికి వచ్చిన ప్రతి బట్టకీ కాలరు లోపల చిన్న గుడ్డముక్క కుడతారు. దాని మీద చెరగని సిరాతో ఆ ఇంటి గుర్తు ఉంటుంది. ఎన్ని ఇళ్ళ బట్టలు ఒకే మిషన్లో కలిసి గిరగిరా తిరిగినా, చివరికి ఆ ముక్క చూసి ఎవరింటివి వాళ్ళింటికి చేరుస్తారు. సొంత ఇంటి బట్టలకి అమ్మ పెట్టుకున్న గుర్తు ఒక చుక్క, అంతే.

ఆ కౌంటరు వెనక నిలబడి అమ్మ జీవితమంతా చెప్పిన మాట ఒక్కటే. "అలాగే." రేపటికి కావాలంటే అలాగే, సాయంత్రానికే కావాలన్నా అలాగే. ముందు మీవే చేస్తానని వచ్చిన వాళ్ళందరికీ మాటిచ్చేసి, ఆ మాట దక్కించుకోవడానికి ఇంటిల్లిపాదినీ బల్లల ముందు నిలబెట్టేది. లేదంటే మనిషి మొహం మాడిపోతుంది, అది నేను చూడలేను అనేది. నడిపికి ఆ మాటంటే ఒళ్ళు మంట. దుకాణం తన చేతికి రాగానే ఆ మాటని గుమ్మం బయటికి గెంటేసింది. "గురువారం. అంతకు ముందు కాదు. కుదరదంటే మూట తీసుకెళ్ళండి." కస్టమర్లు కొంత తగ్గారు గానీ కంటికి నిద్ర దక్కింది.

ఇక ఆ వచ్చిన ముగ్గురి సంగతి. అన్నయ్య ఇన్సూరెన్సు ఏజెంటు. బతికున్నవాళ్ళకి పాలసీలు అమ్మి అమ్మి, చావబోయేవాళ్ళకి కూడా అమ్మే మతం ఒకటి పట్టుకున్నాడు. మనిషికి ఒకటే జన్మ. పోయేలోపల ఒప్పుకున్నావా, శాశ్వతంగా స్వర్గం. ఒప్పుకోలేదా, ఆరని నిప్పు. గడువు దాటాక ఎంత బతిమాలినా పొడిగించరు. చెల్లెలికి బ్యూటీ పార్లరు ఉంది. ఆవిడ చేరిన గుంపు లెక్కలో స్వర్గమూ నరకమూ దారిలో వచ్చే స్టేషన్లే. చేసుకున్నది అనుభవించి, మళ్ళీ కొత్త ఒంట్లో దిగాల్సిందే. మూడోవాడు మేనమామ, అమ్మకి తమ్ముడు, గోడౌన్ల దగ్గర రాత్రి కాపలా కాసి రిటైరైనవాడు. చచ్చినవాళ్ళు ఎక్కడికీ వెళ్ళరనీ, చివరి రోజున పిలుపు వచ్చేదాకా మట్టిలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోతారనీ ఆయన నమ్మకం. బతుకంతా మేలుకున్న మనిషి చచ్చాకైనా పడుకోవచ్చని ఆ గుంపులో చేరాడని నడిపి నమ్మకం. పుర్రెకో బుద్ధి అన్నారు పెద్దలు, ఈ ఇంట్లో పుర్రెకో పరలోకం.

నడిపికి మాత్రం ఏ పరలోకమూ లేదు. బల్బు ఆరిపోతే వెలుగు ఏ ఊరెళ్ళిందని వెతుకుతామా అంటుంది. ఆ మాట ఇంట్లో, దుకాణంలో, అమ్మ ముందు, ఎన్నోసార్లు దర్జాగా అనేసింది.

మొదటి రోజు అమ్మ వాళ్ళని బాగానే తట్టుకుంది.

"స్వర్గంలో అందరూ తెల్లబట్టలే వేసుకుంటారమ్మా," అన్నాడు అన్నయ్య, అరచేతిలో వైకుంఠం చూపిస్తూ.

"అందరూ తెల్లవేనా? మరి ఉతికేదెవర్రా?"

"ఒళ్ళు కూడా చొక్కా లాంటిదేనమ్మా," అంది చెల్లెలు. "పాతబడితే వదిలేసి కొత్తది తొడుక్కోవడమే."

"పాతబడితే పారేస్తారేంటే? కాలరు తిప్పి కుడితే ఇంకొన్నాళ్ళు వస్తుంది."

మేనమామ మట్టి అని నోరు తెరవగానే, "మట్టి మరక అంత తొందరగా వదలదురా తమ్ముడూ," అంది. నడిపి బాయిలరు చాటున నిలబడి కడుపుబ్బా నవ్వుకుంది. తాటాకు చప్పుళ్ళకి బెదిరే కుందేలు కాదు మా అమ్మ అని పొంగిపోయింది.

అన్నయ్యకి రోషం వచ్చింది. మర్నాడు మంచం అంచున కూర్చుని, పాలసీ ఆఖరి పేజీ చదివే గొంతుతో అన్నాడు. "నాన్న ఎక్కడున్నాడో తెలుసా అమ్మా? ఒప్పుకోకుండా పోయాడు. నిప్పులో ఉన్నాడు. ఇప్పుడు, మనం మాట్లాడుకుంటున్న ఈ నిమిషంలో కూడా."

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం నడిపి పాలలో నానబెట్టిన రొట్టె పట్టుకెళ్తే వద్దంది. సాయంత్రం కూడా వద్దంది.

నడిపి అన్నయ్యని చొక్కా పట్టుకుని కౌంటరు దగ్గరికి లాక్కొచ్చింది.

"కాటికి కాళ్ళు చాచిన మనిషిని హడలగొట్టావు. సిగ్గుందా నీకు?"

"నిజం చెప్పాను. చెప్పకపోతే ఆ పాపం నాది."

"నీ పాపం నీ దగ్గరే పెట్టుకో. అమ్మ భయం లేకుండా పోవాలి, నాకు కావాల్సింది అదొక్కటే. నీ స్వర్గం ఎవడిక్కావాలి?"

"నువ్వు కూడా ఒకసారి ఆలోచించుకుంటే మంచిదే నడిపీ," అన్నాడు అన్నయ్య, చల్లగా. ఆ ఉద్ధరించే చూపు చూస్తే నడిపికి వేడి ఇస్త్రీపెట్టె ఎత్తాలనిపించింది. మనిషి మీద అంత అసహ్యం తనకి ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ తనంతట తానే ఒక్కొక్కళ్ళనీ లోపలికి పిలిచింది. అన్నయ్య కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, నడిపిని బట్టల బీరువా చాటుకి తీసుకెళ్ళాడు. "అమ్మ ఒప్పుకుంది. వాళ్ళిద్దరికీ చెప్పకు, మనసు విరిచేస్తారు." కాసేపటికి అదే బీరువా చాటున చెల్లెలు. "అక్కా, అమ్మ మళ్ళీ పుట్టేది మా ఇంట్లోనేనట. మాటిచ్చింది. అన్నయ్యకి చెప్పకే, గోల చేస్తాడు." ఆ తర్వాత మేనమామ. "అక్క నా పక్కనే పడుకుంటానంది అమ్మాయ్. చోటు చూసి పెట్టమంది. వీళ్ళ చెవిన వెయ్యకు," అని రుమాలులో ముక్కు చీదాడు.

ముగ్గురూ గెలిచిన మొహాలతో వరసగా కూర్చుని టీ తాగుతుంటే నడిపికి సంగతి అర్థమైంది. అమ్మ మళ్ళీ కౌంటరు తెరిచింది. ఉన్న ఒక్క ప్రాణాన్నీ ముగ్గురికీ మాటిచ్చేసింది.

నడిపి విసురుగా లోపలికి వెళ్ళింది.

"ముగ్గురికీ అలాగే అన్నావా?"

"అన్నాను."

"ఒకదానికొకటి పొసగదమ్మా! స్వర్గంలో ఉంటావా, చెల్లెలింట్లో పుడతావా, మామయ్య పక్కన పడుకుంటావా?"

"ఎలాగో సర్దుతాలే. ఎప్పుడు సర్దలేదు?"

"ఈ మూర్ఖుల మాటలకి భయపడి..."

"భయమా?" అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీ అన్నయ్యకి చిన్నప్పుడు చీకటంటే భయం. బాత్రూముకి వెళ్ళాలన్నా గుమ్మంలో నేను నిలబడాలి. ఇప్పుడు అంత పెద్ద స్వర్గానికి ఒక్కడూ పోవాలంటే వాడికి బెంగ కాదూ? నేను ముందెళ్ళి గుమ్మంలో ఉంటానన్నాను. చెల్లెలి బిడ్డ పొత్తిళ్ళలోనే పోయింది. పోయినవాళ్ళు తిరిగొస్తారని ఎవరో ఒకళ్ళు అనకపోతే అదెలా బతుకుతుంది? తమ్ముడంటావా, వాడు బాగా అలిసిపోయాడు. అడిగింది ఇచ్చాను. లేదంటే మొహాలు మాడిపోవూ?"

"మరి నాన్న నిప్పులో ఉన్నాడనగానే తిండి మానేశావుగా?"

"మీ నాన్నా? బాయిలరు దగ్గరికి ఒక చెయ్యి సాయం రమ్మంటే ఉక్కపోస్తుందని ఏనాడూ రాలేదు. ఆ మనిషిని నిప్పులోకి పంపగలిగినవాడు ఎవడే?" అమ్మ నవ్వబోయింది, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మొహంలో నవ్వు లేదు. "నీ గురించే నాకు ముద్ద దిగట్లేదు."

"నా గురించా?"

"వాళ్ళకి తలా ఒక చోటుంది, వస్తానన్నాను. నీకేం చెప్పను? చచ్చాక ఏమీ లేదంటావు. ఏమీ లేని చోటికి నేనెలా రానే?"

నడిపి నోట్లో జవాబు సిద్ధంగానే ఉంది, ఆ బల్బు సంగతి. అది ఇప్పుడు నమిలేసిన పిప్పిలా నాలుకకి అడ్డం పడింది. అన్నయ్య నరకానికి బెదరని మనిషికి తిండి మానిపించింది తనేనన్నమాట. అన్నయ్యకి పెట్టిన చీవాట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిరిగొచ్చి తనకే తగిలాయి. తన మీద తనకి రోత పుట్టింది.

"ఎక్కడో ఒకచోటికి వస్తానను," అంది అమ్మ. "ఎక్కడికైనా సరే."

"అలాగే," అంది నడిపి, కిటికీ వైపు చూస్తూ.

"అలా కాదే. మొహం చూసి చెప్పాలి. కిటికీకి చెప్తే కస్టమరు నమ్ముతాడా?"

నడిపి తిరిగి చూసింది. ఎముకలు తేలిన ఆ మొహం, ఇంకొక్క మాట తేడా వస్తే మాడిపోవడానికి సిద్ధంగా ఉంది.

"అలాగే అమ్మా. వస్తాను."

"ఇప్పుడు బాగుంది," అంది అమ్మ. "రొట్టె ఉందా?"

ఆ వారం గడవకుండానే, ఒక పొద్దున్న బాయిలరు వేడెక్కుతుండగా అమ్మ పోయింది. మధ్యాహ్నానికి కౌంటరు మీద మూడు పొట్లాలు చేరాయి. అన్నయ్య తెచ్చింది తెల్లటి పొడుగు గౌను, స్వర్గానికి. చెల్లెలు తెచ్చింది లేత ఆకుపచ్చ శాలువా, కొత్త జన్మకి. మేనమామ తెచ్చింది ఉన్ని దుప్పటి, సుదీర్ఘ నిద్రకి. పొట్లాలు విప్పగానే గుట్టు బయటపడింది.

"ఆఖరి మాట నాకిచ్చింది!" అన్నాడు అన్నయ్య.

"నీకా? నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది అమ్మ!"

"పిల్లలూ, మీకు తెలీదు, అక్క నాతో..."

పక్క గదిలో కన్నతల్లి చల్లబడి ఉంటే, వీళ్ళు దుకాణంలో ఒకరి పరలోకాన్ని ఒకరు చీల్చి చెండాడుకున్నారు. మూట ఇవ్వడానికి వచ్చిన ఒక కస్టమరు గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. చివరికి ముగ్గురూ నడిపి మీద పడ్డారు. నువ్వే చెప్పు, దగ్గరున్నదానివి, అమ్మ నిజంగా ఎవరికి ఒప్పుకుంది?

నడిపి ఒక్కొక్కళ్ళనీ బీరువా చాటుకి తీసుకెళ్ళింది. మొహంలోకి చూసింది. "నీకే అన్నయ్యా. వాళ్ళ మనసు కష్టపెట్టలేక ఏదో అంది. నువ్విక ఊరుకో." అదే మాట చెల్లెలికి, అదే మాట మామయ్యకి. ముగ్గురూ శాంతించి బయటికొచ్చి, మిగతా ఇద్దరినీ పాపం అన్నట్టు చూశారు. బీరువా చాటున దొరికిన ఒక్క అబద్ధానికి పడిపోయే ఈ బుర్రలా, సృష్టి రహస్యం కనిపెట్టింది!

అందరినీ బయట కూర్చోబెట్టి నడిపి తలుపు వేసుకుంది. మూడింటినీ తన చేత్తోనే ముడత లేకుండా ఇస్త్రీ చేసింది. లోపల గౌను, దాని మీద శాలువా, పైన దుప్పటి. ఎవరి మాటా పోదు. తొడిగే ముందు గౌను కాలరు వెనక్కి తిప్పి, చిన్న గుడ్డముక్క పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. గుడ్డముక్క మీద చెరగని సిరాతో ఒక చుక్క ఉంది.

బయట కూర్చున్న ముగ్గురూ కలిసినా ఇంత పిచ్చిపని చెయ్యరని తనని తనే తిట్టుకుంది. తిట్టుకుంటూనే, ఎక్కడా ఊడిపోకుండా ఇంకో నాలుగు కుట్లు గట్టిగా వేసింది.