నన్నీనా మెడ

పచ్చి గచ్చు ఆరేలోపు ముఖం పూర్తి కావాలి. ఆరిన గోడ రంగు తాగదు. అందుకే బాచ్చో భోజనం మానుకుని చర్చికి వచ్చి, పరంజా ఎక్కి, శిష్యుడు లత్తాన్సియో వెనక నిలబడ్డాడు. వయసుతో చేతులు వణకకపోతే ఈ గోడ మీద బొమ్మ తనే వేసేవాడు. చలికాలంలో జ్వరంతో పోయిన కూతురు నన్నీనాను, ఆమె సమాధి పైగోడ మీద క్రీస్తు శిష్యురాలు మగ్దలేనే మరియగా చూసుకోవాలని అతని కోరిక. ఫ్లారెన్స్‌లో అందరూ చేసినట్టే, ఊపిరి ఆగిన పూటే ఆమె ముఖానికి అచ్చు తీయించాడు. దాన్ని తనే మోసుకొచ్చి శిష్యుడికిచ్చాడు.

లత్తాన్సియో ఆ అచ్చు మీద కప్పిన గుడ్డ ఇంకా తీయనే లేదు.

"ఈ మెడ ఎవరిది నాయనా?"

"నన్నీనాదే గురువుగారూ."

"మా అమ్మాయిదా. కొంగదేమో అనుకున్నాను."

లత్తాన్సియో నవ్వాడు. "ఇప్పుడు మెడలు ఇలాగే వేస్తున్నామండీ. డ్యూక్ గారి భార్యకీ ఇలాగే వేశాను. మురిసిపోయింది."

"మురిసిపోదూ మరి. ఆ మెడతో తల తిప్పాలంటే ఇద్దరు దాసీలు పట్టుకోవాలి. ఆ వేళ్ళేమిటి? ఎముకలు ఇంట్లో మరిచిపోయి వచ్చిందా?"

"ప్రకృతిని చూసి వేసే రోజులు పోయాయి. మన ముందు తరం మహాచిత్రకారులు దాన్ని ఎప్పుడో గెలిచేశారు. ఇక వాళ్ళ బొమ్మలు చూసి, ఇంకాస్త నాజూగ్గా వెయ్యడమే మన పని."

"వాళ్ళు ముక్కు మూసుకుని శవాలు కోసి చూశారు. నువ్వు వాళ్ళు గీసిన కాగితాలు చూశావు. ఒకరు నమిలిన రొట్టె తిని వంటవాణ్ణంటున్నావు."

బొమ్మ అందంగానే ఉంది. శంఖం లోపలి రంగు చెక్కిళ్ళు, నీటిలో తేలుతున్నట్టున్న మేలిముసుగు. బాచ్చోకు అందుకే ఒళ్ళు మండింది. ఆ ముఖం ఎవరి కూతురు పోయినా సరిపోతుంది.

తాపీ అందుకుని, మెడ నుంచి నుదుటి దాకా గీకేశాడు. రంగుతో పాటు గచ్చు పరంజా పలక మీద ముద్దలుగా పడింది.

లత్తాన్సియో ముఖం ఎర్రబడింది. "అయితే ఎలా ఉండేదో మీరే చెప్పండి. మళ్ళీ గచ్చు పూస్తాను."

అతను పూస్తుండగా బాచ్చో నెమ్మదిగా చెప్పాడు. పొట్టి మెడ. లావు ముక్కు, తండ్రి పోలికే. నవ్వితే ముందు ఎడమ కన్ను మూసుకునేది.

లత్తాన్సియో గుడ్డ తీసి అచ్చును చూశాడు. సన్నటి కుంచెతో గీశాడు. కోడిగుడ్డు లాంటి ముఖం, దాని కింద పొడుగు మెడ వచ్చాయి. తుడిచి మళ్ళీ గీశాడు. అవే వచ్చాయి. ఆ చేతికి వేరే దారి తెలియదు. ఈసారి అతను నవ్వలేదు.

"రేపు ఇంకోసారి ప్రయత్నిస్తానండీ."

"వద్దు. ముఖం చోటు ఖాళీగా వదిలెయ్."

"ముఖం లేని మరియను చూసి ఊరంతా నవ్వుతుంది గురువుగారూ."

"నవ్వనీ. నీ బొమ్మ ఉంచితే, జనం నాతో 'మీ అమ్మాయి ఎంత అందంగా ఉండేదండీ' అంటారు. నేను అవునని తలూపాలి. అది నా వల్ల కాదు."

బాచ్చో ఆ కొత్త గచ్చు మీది గీతల్ని కూడా తాపీతో చెరిపి, తనే నున్నగా చదును చేశాడు. తాపీ కడిగి పక్కన పెట్టి, పరంజా దిగాడు.